పట్టుకోవడం సగం పనే

వేసవికాలంలో బెంజ్ సర్కిల్ వైపు వెళుతున్నప్పుడు, రోడ్డు పక్కన ఆగిన లారీలోంచి పుచ్చకాయలు దించడం మీలో చాలామంది చూసే ఉంటారు. లారీ మీద ఉన్న మనిషి కాయను విసురుతాడు. కింద ఉన్న మనిషి దాన్ని రెండు చేతులతో అందుకుని, ఆ ఊపులోనే పక్క మనిషికి అందిస్తాడు. అతను కుప్పలో పెడతాడు. ఇలా లారీ అంతా ఖాళీ అవుతుంది. కాయలు మాత్రం పగలవు.

ఈసారి ఆ మధ్య మనిషి చేతులను శ్రద్ధగా గమనించండి. కాయ తగిలిన క్షణంలో అతని చేతులు బిగుసుకుపోవు. కాయతోపాటే కొంచెం కిందికి, కొంచెం పక్కకి జరుగుతాయి. ఆ పక్క ఏ పక్క? తరువాతి మనిషి నిలబడి ఉన్న పక్క. అంటే కాయను ఆపడానికి చేసిన కదలికే దాన్ని అందించే కదలికగా మారిపోతోంది. రెండు పనులు, ఒకే ఊపు!

క్రికెట్‌లో వికెట్ కీపర్‌కు, బేస్‌బాల్‌లో క్యాచర్‌కు కావలసిన విద్య కూడా సరిగ్గా ఇదే. ఎలాగో లెక్క వేసి చూద్దాం. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పాఠాలు చాలు, అంతకు మించి ఏమీ అక్కరలేదు.

రెండు పనులకూ పేచీ

బంతిని పట్టుకోవడం ఒక్కటే మీ పని అయితే పెద్ద చిక్కు లేదు. ఆకాశంలోకి లేచిన బంతి కింద నిలబడి, నింపాదిగా పట్టుకుని, గుండెలకు హత్తుకోవచ్చు. ఎవరూ తొందరపెట్టరు.

కాని పరుగెత్తేవాడు ఒకడు ఉన్నాడనుకోండి. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ క్రీజు దాటి ముందుకు వచ్చాడు. బంతి తప్పిపోయింది. అతను వెనక్కి కాలు పెట్టేలోగా కీపర్ బంతిని పట్టి బెయిల్స్ పడగొట్టాలి. లేదా బ్యాట్స్‌మన్ రెండో పరుగుకు వస్తున్నాడు. బౌండరీ దగ్గర నుంచి వచ్చిన బంతిని పట్టి వికెట్లు కొట్టాలి. ఇప్పుడు పట్టుకోవడం సగం పనే. మిగిలిన సగం, పట్టిన బంతితో వెంటనే ఇంకేదో చెయ్యడం.

ఇక్కడే పేచీ వస్తుంది. బంతి జారిపోకుండా ఉండాలంటే చేతులు మెత్తగా, బంతితోపాటు వెనక్కి వెళ్లాలి. త్వరగా వికెట్ కొట్టాలంటే చేతులు ముందుకు రావాలి. ఒకేసారి వెనక్కీ ముందుకీ ఎలా వెళ్లడం? అందుకే ఆడటం కొత్తగా నేర్చుకునే పిల్లలు తొందరలో బంతి మీదికి చేతులు విసురుతారు. బంతి చేతుల్లో పడి, ఎగిరి బయటికి దూకుతుంది. అప్పుడు “అయ్యో, తొందరపడ్డాడు” అంటారు చూసేవాళ్లు. తొందరపడటం తప్పు కాదు. తొందర ఎక్కడ పడాలన్నదే ప్రశ్న.

చేయి వెనక్కి ఎందుకు వెళ్లాలి?

క్రికెట్ బంతి ద్రవ్యరాశి 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలని నియమం. మనం 160 గ్రాములు, అంటే 0.16 కిలోగ్రాము అనుకుందాం. స్పిన్ బౌలర్ వేసిన బంతి నేలను తాకి కీపర్ చేతికి చేరేసరికి దాని వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. అంటే గంటకు 72 కిలోమీటర్లు. హైవే మీద పోయే బస్సు వేగం.

ఆ బంతిలో ఉన్న గతిజశక్తి ఎంత? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. 0.08ను 400తో గుణిస్తే 32 జౌళ్లు. బంతి ఆగాలంటే ఈ 32 జౌళ్లనూ మీ చేతులు పీల్చుకోవాలి. బలాన్ని, ఆ బలం పనిచేసిన దూరంతో గుణిస్తే వచ్చేదే పని. కాబట్టి 32ను దూరంతో భాగిస్తే సగటు బలం వస్తుంది.

చేతులు బిగబట్టి, బంతిని 2 సెంటీమీటర్లలో ఆపారనుకోండి. 32ను 0.02తో భాగించండి. 1,600 న్యూటన్లు! దాదాపు 160 కిలోల బరువు ఒక్క క్షణం మీ అరచేతి మీద మోపినట్టు.

5 సెంటీమీటర్లలో ఆపితే 640 న్యూటన్లు. అంటే సుమారు 65 కిలోల బరువు.

20 సెంటీమీటర్లలో ఆపితే 160 న్యూటన్లు. అంటే 16 కిలోలు. ఇది పిల్లలు కూడా తట్టుకోగల బలమే.

బంతి అదే, వేగం అదే. మారింది చేయి జరిగిన దూరం మాత్రమే. దూరం పది రెట్లు పెరిగితే బలం పదో వంతుకు పడిపోయింది. పుచ్చకాయ పగలకపోవడానికి కారణం ఇదే.

బిగబట్టిన చేతితో నొప్పి ఒక్కటే కాదు, మరో నష్టం కూడా ఉంది. బలం ఎక్కువైతే బంతి నొక్కుకుని, స్ప్రింగులా తిరిగి విచ్చుకుని, చేతిని తోసి బయటికి దూకుతుంది. వేళ్లు మూసుకునేలోగానే పారిపోతుంది. మెత్తగా పట్టిన చేతిలో బంతికి అంత ఎదురుదెబ్బ తగలదు. వేళ్లు దాన్ని చుట్టుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

మెత్తదనం ఖరీదు ఎంత?

“సరే మాస్టారూ, చేతులు వెనక్కి తీసుకుంటే ఆలస్యం కాదా?” అని అడుగుతారు మీరు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు చూస్తే ఆశ్చర్యపోతారు.

బంతి మొదటి వేగం సెకనుకు 20 మీటర్లు, చివరి వేగం సున్న. ఒకే తీరుగా వేగం తగ్గిందనుకుంటే సగటు వేగం సెకనుకు 10 మీటర్లు. 20 సెంటీమీటర్లు జరగడానికి పట్టే కాలం 0.2ను 10తో భాగిస్తే వస్తుంది. 0.02 సెకను. 5 సెంటీమీటర్లలో ఆపితే 0.005 సెకను.

తేడా ఎంత? 0.015 సెకను మాత్రమే! మీరు ఒకసారి కన్నార్పేలోపు ఇలాంటి తేడాలు చాలా గడిచిపోతాయి. ఇంత స్వల్ప కాలం మిగుల్చుకోవడానికి చేతి మీద నాలుగు రెట్ల బలం కొని తెచ్చుకుంటామా? బంతి జారితే పోయేది 0.015 సెకను కాదు, అవుటే పోతుంది.

అయితే అసలు ఆలస్యం ఎక్కడుంది? బంతి ఆగిన తరువాత ఉంది. చేతులు నేరుగా 20 సెంటీమీటర్లు వెనక్కి వెళ్లి ఆగాయనుకోండి. ఇప్పుడు అవి దిశ మార్చుకుని, మళ్లీ వేగం పుంజుకుని, ఆ 20 సెంటీమీటర్లూ తిరిగి రావాలి. చేతి వేగం సెకనుకు 5 మీటర్లు అనుకున్నా తిరుగు ప్రయాణానికే 0.04 సెకను. ఆగి, మళ్లీ బయలుదేరడానికి పట్టే కాలం దీనికి అదనం. అంటే మెత్తదనం ఖరీదు తక్కువ, తప్పు దిశలో మెత్తదనం ఖరీదు ఎక్కువ.

మరి ఉపాయం? పుచ్చకాయల మనిషి చేసిందే. చేతులను నేరుగా వెనక్కి కాక, కొడవలి వంపులా వెనక్కీ పక్కకీ కలిపి తిప్పాలి. ఆ వంపు చివర వికెట్లు ఉండాలి. అప్పుడు చేతులు మధ్యలో ఎక్కడా ఆగవు. బంతిని ఆపే దారీ, వికెట్ల దారీ ఒకటైపోతాయి.

వికెట్ల వెనుక

మన తెలుగు నేలలో మంచి కీపర్లు ఉన్నారు. గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్ భారత జట్టు తరఫున 6 టెస్టులు ఆడారు. విజయవాడ అమ్మాయి రావి కల్పన కూడా వికెట్ కీపరే. ఆమె 2015లో భారత మహిళల వన్డే జట్టులోకి వచ్చింది. విశాఖపట్నానికి చెందిన కోన శ్రీకర్ భరత్ ఆట మన పాఠానికి చక్కగా సరిపోతుంది.

2021 నవంబరులో కాన్పూరులో న్యూజిలాండ్‌తో టెస్టు జరుగుతోంది. కీపర్ వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది. భరత్ తుది జట్టులో లేడు. సాహా బదులు కీపింగ్ చెయ్యడానికి మైదానంలోకి వచ్చాడు. ఆ ఇన్నింగ్స్‌లో అశ్విన్ బౌలింగ్‌లో విల్ యంగ్ బ్యాట్‌కు తగిలి బాగా కిందుగా వచ్చిన బంతిని పట్టాడు. అంపైర్ మొదట అవుట్ ఇవ్వలేదు, సమీక్ష కోరితే అవుటని తేలింది. తరువాత రాస్ టేలర్ క్యాచ్ పట్టాడు. 95 పరుగుల మీద ఉన్న టామ్ లాథమ్‌ను అక్షర్ పటేల్ బౌలింగ్‌లో స్టంప్ చేశాడు. శతకానికి 5 పరుగుల దూరంలో!

2023 ఫిబ్రవరి 9న నాగపూరులో భరత్ తన మొదటి టెస్టు ఆడాడు. ఆరోజు 49 పరుగుల మీద ఉన్న ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ మార్నస్ లాబుషేన్ జడేజా బంతికి ముందుకు వచ్చి తప్పాడు. భరత్ స్టంప్ చేశాడు.

స్టంపింగ్‌లో వ్యవధి ఎంత ఉంటుందో ఊహించండి. బ్యాట్స్‌మన్ కాలు క్రీజు గీతకు 10 సెంటీమీటర్లు బయట ఉందనుకుందాం. అతను సెకనుకు 2 మీటర్ల వేగంతో కాలు వెనక్కి లాగితే 0.05 సెకనులో లోపలికి వచ్చేస్తాడు. ఇందాక తప్పు దిశలో మనం పోగొట్టుకున్నది 0.04 సెకను. ఇప్పుడు తెలిసిందా, ఆ కొడవలి వంపు ఎంత విలువైనదో!

ఇక్కడ రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, బంతి బ్యాట్‌కో బ్యాట్స్‌మన్‌కో తగలకుండా వస్తున్నప్పుడు అది వికెట్లను దాటేవరకు కీపర్ వికెట్ల వెనుకే ఉండాలి. తొందరపడి చేతులు ముందుకు చాపి పట్టుకుంటే ఆ బంతి నోబాల్ అవుతుంది. రెండు, గీత మీద కాలు ఉంటే చాలదు. బ్యాట్ కాని, కాలు కాని గీతకు లోపల నేలను తాకాలి. గీత కీపర్ పక్షం అన్నమాట.

ఇంకో చిత్రం చూడండి. బంతి నేలను తాకిన చోటు నుంచి కీపర్ చేతులకు 3 మీటర్ల దూరం ఉంటే, సెకనుకు 20 మీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి 0.15 సెకను చాలు. కన్ను చూసి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, కండరం కదలడానికి మామూలుగా 0.2 సెకను పడుతుంది. అంటే బంతి తిరిగాక చూసి కదులుదామంటే అప్పటికే ఆలస్యమైపోయింది! అందుకే కీపర్ ముందుగానే అనువైన భంగిమలో ఉండాలి.

ఆ భంగిమ ఏది? కిందికి కూర్చుని, బంతి లేచేకొద్దీ లేవడం. “ముందే లేవకు” అని శిక్షకులు పదేపదే చెబుతారు. ఎందుకో తెలుసా? మోకాళ్లు వంచి కూర్చున్న మనిషిని కాళ్ల కండరాలు పైకి తోయగలవు. కాని నిలబడ్డ మనిషి శరీరాన్ని కిందికి దించేది భూమ్యాకర్షణే. ఎంత బలవంతుడైనా దాన్ని తొందరపెట్టలేడు. 0.15 సెకనులో శరీరం స్వేచ్ఛగా పడినా దిగేది 11 సెంటీమీటర్లే. కనుక ముందే లేచిన కీపర్‌కు కిందుగా వచ్చే బంతి చిక్కదు.

వేళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. మోకాలి కింద వచ్చే బంతికి వేళ్లు నేల వైపు ఉండాలి. పైన వచ్చే బంతికి ఆకాశం వైపో, పక్కకో ఉండాలి. బంతి వైపు మాత్రం ఎప్పుడూ చూపించకూడదు. వేలి కొనకు తగిలిన బంతికి ఆగడానికి అరచేతి మెత్తన ఉండదు. బలమంతా ఒక చిన్న కీలు మీద పడుతుంది. కీపర్ల వేళ్లు విరిగేవి ఇలాగే.

బేస్ మీద రన్నర్ ఉంటే

ఇప్పుడు క్రికెట్‌కు దాయాది ఆట దగ్గరికి వెళదాం. బేస్‌బాల్ మన దగ్గర పెద్దగా కనబడదు. దాని చెల్లెలు లాంటి సాఫ్ట్‌బాల్ మాత్రం పాఠశాలల క్రీడా పోటీల్లో ఉంది. మీ వ్యాయామం మాస్టారిని అడిగితే చెబుతారు.

బేస్‌బాల్ మైదానంలో ఒక చతురస్రం ఉంటుంది. భుజం 90 అడుగులు. నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు. ఒక మూల బ్యాటర్ నిలబడతాడు. అది హోమ్. అతని వెనుక కూర్చునేవాడే క్యాచర్, అంటే అక్కడి వికెట్ కీపర్. ఎడమచేతికి పెద్ద తోలు తొడుగు, కుడిచేయి ఖాళీ. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు.

మొదటి బేస్ మీద ప్రత్యర్థి రన్నర్ ఒకడు ఉన్నాడనుకుందాం. పిచ్చర్ బంతి విసరబోయే అదను చూసి అతను రెండో బేస్‌కు పరుగు తీయవచ్చు. దీన్ని బేస్ దొంగిలించడం అంటారు. దొంగను పట్టుకోవలసిన పోలీసు క్యాచర్! బంతిని పట్టి, లేచి, రెండో బేస్ దగ్గర ఉన్న తన జట్టువాడికి విసరాలి.

హోమ్ నుంచి రెండో బేస్‌కు ఎంత దూరం? చతురస్రం కర్ణం. పైథాగరస్‌ను పిలుద్దాం. 90 వర్గం 8,100. రెండు కలిపితే 16,200. దాని వర్గమూలం సుమారు 127.3 అడుగులు. అంటే 38.8 మీటర్లు. మన క్రికెట్ పిచ్ పొడవు 20.12 మీటర్లు. అంటే దాదాపు రెండు పిచ్‌ల దూరం.

ఇక కాలం లెక్క. రన్నర్ ముందుగానే బేస్ నుంచి మూడున్నర మీటర్లు జరిగి నిలబడతాడు. మిగిలిన 24 మీటర్లు దాటడానికి వృత్తి క్రీడాకారుడికి సుమారు 3.4 సెకన్లు పడుతుంది. పిచ్చర్ కదలిక మొదలుపెట్టినప్పటి నుంచి బంతి క్యాచర్‌ను చేరడానికి సుమారు 1.3 సెకన్లు. మిగిలింది 2.1 సెకన్లు. మంచి క్యాచర్ బంతి తన తొడుగును తాకిన క్షణం నుంచి అది రెండో బేస్ దగ్గరికి చేరేవరకు 2 సెకన్లు తీసుకుంటాడు. తేడా 0.1 సెకను. అంత వ్యవధిలో రన్నర్ పరుగెత్తేది 70 సెంటీమీటర్లు. ఆట అంతా ఆ 70 సెంటీమీటర్లలోనే ఉంది.

ఆ 2 సెకన్లలో బంతి గాలిలో ఉండేది సుమారు 1.2 సెకన్లు. మిగిలిన 0.8 సెకను క్యాచర్ చేతిలో గడుస్తుంది. చూడండి, విసిరే వేగాన్ని నూటికి 5 వంతులు పెంచాలంటే నెలల తరబడి కసరత్తు చెయ్యాలి. పెంచినా కలిసివచ్చేది 0.06 సెకను. చేతిలో గడిచే 0.8ను 0.7 చేస్తే అంతకంటే ఎక్కువే కలిసివస్తుంది. దానికి కండలు అక్కరలేదు, పద్ధతి చాలు. బక్కపలచటి పిల్లవాడు కూడా, ఆడపిల్ల కూడా నేర్చుకోగల పద్ధతి.

ఆ పద్ధతి ఇది. రన్నర్ లేనప్పుడు క్యాచర్ హాయిగా బాగా కిందికి కూర్చుని, కుడిచేతిని కాలి వెనుక దాచుకుంటాడు. బ్యాట్‌ను రాసుకుని వచ్చే బంతి వేళ్లకు తగలకుండా ఈ జాగ్రత్త. రన్నర్ ఉన్నప్పుడు మూడు మార్పులు చేస్తాడు.

మొదటిది, తుంటిని పైకి లేపుతాడు. తొడలు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉంటాయి. కుడికాలు కాస్త వెనక్కి ఉంటుంది. మన కీపర్‌ను కిందికి ఉండమన్నాం, ఇతన్ని పైకి లేవమంటున్నాం, ఇదేమిటి? కీపర్‌కు వచ్చేది నేలను తాకి లేచే బంతి, తరువాత పని పక్కనే ఉన్న వికెట్లు. క్యాచర్‌కు సాధారణంగా వచ్చేది నేలను తాకని బంతి, తరువాత పని 38 మీటర్ల విసురు. తరువాతి పనిని బట్టే భంగిమ.

రెండోది, ఖాళీ చేతిని తొడుగు వెనక్కి తెస్తాడు. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించి, తొడుగు చాటున ఉంచుతాడు. బంతి దొరకగానే తీసుకోవడానికి దగ్గరా ఉంటుంది, దెబ్బ తగలకుండానూ ఉంటుంది.

మూడోది అసలైనది. బంతి తగలగానే తొడుగు ఏ దిశలో వెనక్కి వెళ్లాలి? కుడిచెవి వైపు! విసిరే చేయి బయలుదేరవలసిన చోటు అదే కదా. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 40 మీటర్లతో వచ్చే 145 గ్రాముల బంతిలో 116 జౌళ్ల శక్తి ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎలాగూ తొడుగు వెనక్కి జరగాలి. ఆ జరిగే దారినే చెవి వైపు మళ్లిస్తే, బంతి తన వేగంతోనే తాను వెళ్లవలసిన చోటికి సగం దూరం ప్రయాణం చేస్తుంది. దారిలో కుడిచేయి దాన్ని అందుకుంటుంది. కుట్ల మీద అడ్డంగా రెండు వేళ్లు ఉండేలా పట్టుకుని విసిరితే బంతి వెనక్కి తిరుగుతూ, పక్కకు వంగకుండా నేరుగా పోతుంది. ఈలోగా పాదాలు పక్కకు తిరిగిపోయి ఉంటాయి.

పుచ్చకాయల మనిషి, వికెట్ కీపర్, క్యాచర్. ముగ్గురిదీ ఒకే పాఠం. బంతికి దారి ఇవ్వాలి. ఆ దారి తరువాతి పని వైపు ఉండాలి.

పట్టకూడని బంతి

ఒక్కోసారి పిచ్చర్ విసిరిన బంతి క్యాచర్ ముందు నేలను తాకి వస్తుంది. అది ఎలా లేస్తుందో చెప్పలేం. దాన్ని పట్టబోయి తప్పితే బంతి వెనక్కి పోతుంది, రన్నర్ తరువాతి బేస్‌కు పోతాడు. కనుక క్యాచర్ దాన్ని పట్టడానికి ప్రయత్నించడు, ఆపుతాడు. రెండు మోకాళ్లూ నేలకు ఆనించి, మధ్య సందును తొడుగుతో మూసి, గడ్డం ఛాతీకి ఆనించి, మొండెం ముందుకు వంచుతాడు. ఎందుకు వంచాలి? అద్దం మీద వెలుతురు పడిన పాఠం గుర్తు తెచ్చుకోండి. నిటారు గోడకు తగిలిన బంతి దూరంగా ఎగురుతుంది. ముందుకు వాలిన పలకకు తగిలిన బంతి నేల వైపు పడుతుంది. బంతి క్యాచర్ ముందే చతికిలబడితే చాలు, రన్నర్ కదలడు. అయితే ఇది ఛాతీకి రక్షణ కవచం, ముఖానికి జాలీ ఉన్నవాళ్లు చేసే పని. మీరు క్రికెట్ బంతితో చెయ్యకండి.

క్రికెట్‌లో రనౌట్ సమయంలోనూ ఇలాంటి ఓర్పే కావాలి. బ్యాట్స్‌మన్ ఒక పరుగుకు క్రీజు నుంచి క్రీజుకు దాటవలసింది 58 అడుగులు, అంటే సుమారు 17.7 మీటర్లు. అతను దూసుకు వస్తుంటే కంగారులో బంతి అందకముందే చేతులతో బెయిల్స్ పడగొట్టేవాళ్లు ఉన్నారు. రెండు బెయిల్స్ అలా పడిపోతే ఇక తేలికగా అవుట్ చెయ్యలేరు. బంతి చేతిలో ఉండగా ఒక స్టంపును నేలలోంచి పెరకాలి. ముందు బంతి, తరువాత బెయిల్స్. ఈ వరస తప్పకూడదు.

మీరే చేసి చూడండి

మొదటి ప్రయోగానికి 30 సెంటీమీటర్ల స్కేలు కావాలి. మీ స్నేహితుడు స్కేలును నిలువుగా వేలాడదీసి పట్టుకోవాలి. సున్న గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టారంటే మీకు 0.2 సెకను పట్టింది. 11 సెంటీమీటర్ల దగ్గర పట్టగలిగితే 0.15 సెకను. పదిసార్లు చేసి సరాసరి తీయండి.

రెండో ప్రయోగానికి నీళ్లు నింపిన బుడగలు కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి విసురుకోండి. ప్రతిసారీ ఒక్కొక్క అడుగు వెనక్కి జరగండి. బుడగ పగలకుండా ఎంత దూరం వరకు పట్టగలరు? చేతులు బిగించి ఒకసారి, వెనక్కి జార్చి ఒకసారి చేసి, రెండు దూరాలనూ పోల్చండి. మీ చేతులు వెనక్కి జరిగిన దూరాన్ని కూడా మూడోవాడి చేత అంచనా వేయించండి.

మూడో ప్రయోగం టెన్నిస్ బంతితో. ముగ్గురు త్రిభుజంలా నిలబడండి. మొదటివాడు విసరాలి, రెండోవాడు పట్టి మూడోవాడికి అందించాలి. ఇంట్లో సెల్‌ఫోన్ ఉంటే నెమ్మదిగా చూపించే వీడియో తీయండి. రెండోవాడు చేతులను నేరుగా ఛాతీకి తెచ్చుకుని విసిరితే బంతి అతని దగ్గర ఎంతసేపు ఉంది? మూడోవాడి వైపు వంపు తిప్పుతూ విసిరితే ఎంతసేపు ఉంది? రెండు అంకెలూ నోట్‌బుక్కులో రాయండి.

ఒక్క హెచ్చరిక. ఫ్లైఓవర్ కింద ఖాళీ కనబడిందని బెంజ్ సర్కిల్ దగ్గర ఆటలు పెట్టకండి. పక్కనుంచి పోయే బస్సుకు కూడా మన బంతి వేగమే ఉంటుందని ఇందాక లెక్క వేశాం. దాని ద్రవ్యరాశి ఎంతో, దాన్ని ఆపడానికి ఎంత దూరం కావాలో మీరే ఆలోచించండి. బడి మైదానానికి వెళ్లండి. అసలు క్రికెట్ బంతిని గ్లవుజులు లేకుండా కీపింగ్ చెయ్యకండి.

చివరగా మీకో లెక్క. సాఫ్ట్‌బాల్ చతురస్రం భుజం 60 అడుగులు. అందులో క్యాచర్ రెండో బేస్‌కు విసరవలసిన దూరం ఎంత? బంతి సగటున సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతే ఎంతసేపు గాలిలో ఉంటుంది? జవాబు వచ్చాక, క్యాచర్ చేతిలో గడిచే కాలాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ఎక్కడ తొందరపడాలో మీకే తెలుస్తుంది.